గాలి వచ్చేదాకా

జనవరి 13, మంగళవారం

సున్నాకి ఇరవై ఎనిమిది కింద. గాలి అన్నది లేదు. పొగగొట్టాల్లోంచి పొగ తాడు కట్టి లాగినట్టు నిటారుగా పైకి పోతోంది. కొండమీద గాలిమర ఆదివారం మధ్యాహ్నం ఆగింది, ఇంతవరకు కదల్లేదు.

ఆఫీసులో పొద్దున్నుంచీ అదే హాస్యం. లైన్‌మన్ వెండెల్ బూట్లు దులుపుకుంటూ లోపలికి వచ్చి, "ఏం ఆర్లిస్, నీ పచ్చ కరెంటోళ్ళంతా చీకట్లో కూచున్నారా?" అన్నాడు. నవ్వాను. పదిసార్లు విన్న హాస్యానికి కూడా నవ్వాలి, లేకపోతే ఆర్లిస్‌కి మొగుడు పోయాక ముఖం పుల్లబడిందంటారు.

నా పచ్చ కరెంటట. నేను కనిపెట్టినట్టు. ఇరవై ఏడేళ్ళుగా ఈ కిటికీ వెనక కూర్చుని ఊళ్ళోవాళ్ళ కరెంటు బిల్లులు తీసుకుంటున్నాను. మేనేజరు కర్టిస్ వచ్చాక ఇది కూడా నా నెత్తిన పడింది. నెలకి ఇంత అదనంగా కడతామని ఎవరైనా ముందుకొస్తే, వాళ్ళ కరెంటు గాలిదేనని కాగితం మీద రాసిస్తాం. తీగలు అవే, స్తంభాలు అవే. గాలిదీ బొగ్గుదీ ఒకే కుండలో పోసి ఊరంతటికీ వడ్డిస్తాం. అదనంగా కట్టినవాళ్ళకి తలుపుకి అంటించుకోవడానికి ఒక పచ్చ బిళ్ళ. ఊరికేమో, నూటికి అయిదు ఇళ్ళు చేరినందుకు, హైవే పక్కన 'పచ్చ కరెంటు ఊరు' అని ఒక బోర్డు. ఫెర్న్‌హోల్ట్ ఊరివాళ్ళ కంటే ముందు మనకే రావాలని నెల రోజులు ఎంత గోల చేశారో. బోర్డు వచ్చి పదిహేను నెలలైంది. దాని మీద ఇప్పుడు మంచు పేరుకుని ఏ ఊరో కూడా తెలియడం లేదు.

పన్నెండు దాటాక సిగ్నీ హాగెన్ ఫోను. గాలిమర ఎప్పుడు తిరుగుతుందని. గాలేమైనా నా సొరుగులో పెట్టుకు కూర్చున్నానా. టీవీలో చెబుతారు చూడండి అన్నాను. టీవీ పెట్టడం లేదంది. పెట్టకపోతే పెట్టుకోండి అన్నాను. ఇంకేదో అడగబోయింది, ఒక్క రోజుకి మామూలు కరెంటు, అంటూ. ఆవిడ మాట మొదలుపెడితే తూకం వేసినట్టు ఒక్కో ముక్కే పెడుతుంది. కిటికీ దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. కర్టిస్‌ని అడగండి అని అతని లైనుకి కలిపాను. అతను భోజనానికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. కావాలంటే మళ్ళీ చేస్తుంది.

జనవరి 14, బుధవారం

ముప్ఫై మూడు కింద. గాలి లేదు. బడులు మూశారు. రాయడానికి ఏమీ లేదు.

జనవరి 15, గురువారం

చలికి నా కారు కూడా మొరాయించింది. వెండెల్ వచ్చి దిగబెట్టాడు.

కొత్త మీటర్లు పావుగంటకోసారి లెక్క పంపుతాయి. పొద్దున తెరమీద ఒక ఎర్ర గుర్తు. సిగ్నీ హాగెన్ ఇల్లు, ఆదివారం సాయంత్రం నుంచి సున్నా. మీటరు చచ్చిందన్నమాట. ఇంత చలికి మీటర్లు చావడం మామూలే. సోమవారం మార్చమని చీటీ రాసి వెండెల్ బుట్టలో వేశాను. మంగళవారం ఆవిడ ఫోను చేసింది కదా, మనిషి బాగానే ఉంది.

జనవరి 16, శుక్రవారం

వెండెల్ ఖాళీగా ఉండి ఈ రోజే వెళ్ళాడు. మీటరు బాగానే ఉంది.

రేపు రాస్తాను.

జనవరి 17, శనివారం

నిన్న తలుపు కొడితే పలకలేదని వెండెల్ ఆఫీసుకి ఫోను చేశాడు. సిగ్నీ, నేను ఒకే చర్చి. తాళంచెవి ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు గనక నన్ను రమ్మన్నాడు. పక్కింటివాళ్ళు నవంబరులోనే అరిజోనా ఎండలోకి వెళ్ళిపోయారు, ఆ వరసలో ఇంకెవరూ లేరు.

తలుపు పక్కన ఇత్తడి రేకు ఒకటి ఉంటుంది, 'సంపూర్ణ విద్యుత్ గృహం' అని. డెబ్బైల్లో మా ఆఫీసే ఇచ్చింది. కట్టెల పొయ్యి పీకేసి, పొగగొట్టం మూసేసి, ఇల్లంతా కరెంటు హీటర్లు పెట్టుకున్నవాళ్ళకి అప్పట్లో అదొక గౌరవం. సిగ్నీ పెళ్ళి చేసుకోలేదు, సొంత జీతంతో కట్టుకున్న ఇల్లు, ఆ రేకుని వారం వారం తోమేది. దాని కింద పచ్చ బిళ్ళ. రెండూ మా ఆఫీసువే.

వంటింట్లో కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కోటు, టోపీ, బూట్లు, పైన రెండు బొంతలు. కొండవైపు ముఖం. అక్కడి నుంచి గాలిమర బాగా కనిపిస్తుంది. బల్లమీద గ్లాసులో నీళ్ళు గడ్డకట్టి గ్లాసు పగిలింది. వెండెల్ హీటర్లన్నీ చూశాడు. ఒక్కటీ పాడవలేదు, అన్నీ చేత్తో కట్టేసి ఉన్నాయి. అతనికేమీ అర్థం కాలేదు. గోడమీది స్విచ్ వేస్తే లైటు వెలిగింది. ఆ వెలుతురులో ఆవిడ ముఖం చూడలేక మళ్ళీ ఆర్పాడు.

గోడ క్యాలెండరులో రోజుకో పెన్సిలు గీత. కొన్ని రోజులకి గీత లేదు. పన్నెండు నుంచి అసలు లేవు.

వెండెల్ షెరీఫ్‌కి కబురు చేయడానికి వ్యానులోకి వెళ్ళాడు. ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద ఒక కాగితం ఉంది. మా పాత ఫారం. అది తీసి కోటు జేబులో పెట్టుకున్నాను. మా ఆఫీసు ఫారమే కదా.

జనవరి 18, ఆదివారం

గాలి వచ్చింది. నిన్న సాయంత్రమే మొదలైంది. మర తిరుగుతోంది.

చర్చిలో అందరూ నన్నే అడిగారు. కరెంటు ఉండి కూడా ఎందుకలా చేసుకుందని. నాకేం తెలుసు అన్నాను. ఎనభై మూడేళ్ళు. ఆ వయసులో ఎవరికి ఏం తోస్తుందో ఎవరు చెప్పగలరు.

చేరిన రోజున ఆవిడకి నేను అన్నీ చెప్పాను. కాగితం కూడా ఇచ్చాను. అందులో చిన్న అక్షరాల్లో అంతా ఉంది. కంటి అద్దాలు ఉన్న మనిషి.

జనవరి 21, బుధవారం

ఈ రోజు ప్రార్థన, తర్వాత చర్చి కింది గదిలో భోజనం. హ్యాం పెట్టిన బన్నులు, బంగాళాదుంపల సలాడు, పలచటి కాఫీ. మట్టి నాలుగడుగుల లోతు బిగుసుకుపోయింది, తవ్వడం కుదరదు. పెట్టెని శ్మశానం గదిలో ఉంచారు, మే నెలలో పూడుస్తారు. చలికాలంలో పోయినవాళ్ళందరికీ అంతే. ఇద్దరున్నారట ఆవిడకి తోడు.

బల్లల దగ్గర అందరూ కలిసి తేల్చేశారు. మతి తప్పింది. ఒకావిడ పోయిన వేసవిలో సిగ్నీ కేకు సగంలో ఆపి పొయ్యి కట్టేయడం చూసిందట. ఇంకొకావిడ, సాయంత్రం పూట కొవ్వొత్తి పెట్టుకుని అల్లుకోవడం చూసిందట. అన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి వీళ్ళకి. ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాటా దగ్గర నిలబడి, రైతుకి ఒక గింజ తక్కువ రాయలేదు, యజమానికి ఒక గింజ ఎక్కువ రాయలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అప్పుడూ వెనకాల నవ్వేవాళ్ళే. ఇప్పుడు మతి తప్పిందంటున్నారు, అంతే తేడా.

నేను బన్ను తింటూ కూర్చున్నాను.

సిగ్నీ చెల్లెలు లవాన్ ఫెర్న్‌హోల్ట్ నుంచి తన పాత ట్రక్కు తనే నడుపుకుంటూ వచ్చింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మంచులో ముప్ఫై మైళ్ళు. బడి వంటింట్లో పని చేసి చేసి చేతులు మగవాళ్ళ చేతుల్లా ఉంటాయి. నా పక్కనే కూర్చుని, అక్క మీ ఆఫీసుకి ఏమైనా ఫోను చేసిందా అని అడిగింది. చేసింది, టీవీ గురించి ఏదో మాట్లాడింది అన్నాను. అది అబద్ధం కాదు.

చేరిన రోజున సిగ్నీ అడిగింది, ఇది మన కొండమీది మర కరెంటేనా అని. ఒక రకంగా అదే అన్నాను. ఒక రకంగా అదే కూడా.

జనవరి 23, శుక్రవారం

కర్టిస్ తలుపు వేసి కూర్చోబెట్టాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కుర్రాడు, నాతో మర్యాదగానే ఉంటాడు. "ఆర్లిస్ గారూ, ఆవిడకి మీరు అన్నీ వివరించారు కదా?" అన్నాడు. వివరించాను అన్నాను. ఊపిరి పీల్చుకున్నాడు. తన లైనుకి ఆ మంగళవారం ఏమైనా ఫోను వచ్చిందా అని అతను అడగలేదు, వచ్చిందని నేను చెప్పలేదు. తిలాపాపం తలా పిడికెడు.

తర్వాత అసలు సంగతి. సిగ్నీ పేరు తీసేస్తే తొంభై నాలుగు ఇళ్ళే. తొంభై అయిదు లేకపోతే బోర్డు నిలవదు. ఇన్నాళ్ళుగా ఊరందరినీ చేర్పించారు, మీరు మాత్రం ఎందుకు చేరలేదని నవ్వుతూ అడిగాడు. ఫారం నింపాను. ఆవిడ ఖాళీ చేసిన వరసలోనే నా పేరు కూర్చుంది.

ఫిబ్రవరి 3, మంగళవారం

చేయకూడని పని చేశాను. సిగ్నీ మీటరు లెక్క పదిహేను నెలలది కాగితాల మీదకి తీశాను. కొండమీది మర ఎప్పుడు తిరిగిందో, ఎప్పుడు ఆగిందో ఆ లెక్క కూడా తీశాను. రెండూ పక్కపక్కన పెట్టుకుని భోజనం వేళంతా చూశాను.

మర తిరిగిన గంటల్లో ఆ ఇంట్లో హీటరు ఉంది, పొయ్యి ఉంది, బట్టల మిషను ఉంది. ఆగిన గంటల్లో సున్నా. ఒక రోజు కాదు, పదిహేను నెలలు. ఆ క్యాలెండరు గీతలు గాలి ఉన్న రోజులవన్నమాట. జూలైలో ఒక మధ్యాహ్నం రెండింటికి మర ఆగింది, రెండుంపావుకి ఆవిడ పొయ్యి ఆగింది. అదే ఆ సగం కేకు. అక్టోబరులో ఒక రోజంతా గాలి లేదు, ఆ రోజంతా ఏమీ లేదు. మర్నాడు తెల్లవారి గాలి వచ్చింది, కాఫీ కాచుకుంది. మామూలుగా మా ఊళ్ళో గాలి పూట కంటే ఎక్కువ ఆగదు, ఆగినా ఒక రోజు. కోటు వేసుకుని కూర్చుంటే గడిచిపోతుంది. ఈసారి ఆరు రోజులు ఆగింది.

మేం తొంభై అయిదు మందికి గాలి కరెంటు అమ్మాం. కొన్నది ఒక్క సిగ్నీయే. మిగతావాళ్ళందరూ బిళ్ళ కొన్నారు.

తనది కానిది వాడుకోకూడదనుకుంది. గాలి లేనప్పుడు వచ్చేది పక్కవాడి కరెంటు, దానికి తను ఒప్పుకోలేదు కదా. కాటా మనిషి.

గాలి లేకపోతే ఎలా అని చేరిన రోజున అడిగిందేమో. నేనేమన్నానో గుర్తు లేదు. ఫ్రిజ్ మీది కాగితం ఈ డైరీ వెనక అట్టలో ఉంది. దాని వెనకవైపు పెన్సిలుతో ఒక మాట రాసి ఉంది, కింద నా పేరు ఉంది. గుర్తు లేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

లవాన్ కిటికీ దగ్గరికి వచ్చింది, అక్క పేరున ఉన్న మీటరు ఆపించడానికి. ఫారంలో తారీకు తప్పు రాసి కొట్టేసింది. చూస్తున్నావుగా అంది.

వాళ్ళమ్మకి కూడా చివర్లో మతి పోయిందట. ఇప్పుడు అక్కకి. తర్వాత వంతు తనదేనంది. పోయిన వారం ట్రక్కు తాళాలు ఎక్కడ పెట్టిందో అరగంట వెతికిందట. నేను రోజూ వెతుకుతాను అన్నాను. నవ్వలేదు. ఆ ట్రక్కు మేనల్లుడికి ఇచ్చేస్తానంది. ఇల్లు అమ్మేసి ఫెర్న్‌హోల్ట్ వృద్ధాశ్రమంలో చేరిపోతానంది.

"మా అక్కలా ఒక్కదాన్నే కుర్చీలో కూచుని, హీటరెలా వేయాలో కూడా మర్చిపోయి పోలేనమ్మా. తెలివి ఉండగానే లోపలికెళ్ళిపోతే మేలు," అంది.

తొందరపడకండి అన్నాను. అంతే అన్నాను. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. కాగితం ఇంట్లో ఉంది, చేతిలో లేదు కదా. చేతిలో ఉంటే ఇచ్చేదాన్నేమో.

మార్చి 9, సోమవారం

పోస్టులో నా పచ్చ బిళ్ళ వచ్చింది. సొరుగులో వేశాను.

మార్చి 27, శుక్రవారం

కొత్తగా ఊరికి వచ్చిన ఒక జంట చేరడానికి వచ్చారు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. ఇది కొండమీద కనబడే మర కరెంటేనా అని అడిగింది.

వాళ్ళని కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అంతా ఒకే కుండ అని, మర తిరిగినా తిరగకపోయినా మీ ఇంటికి వచ్చేది అదే కరెంటని, మీరు కట్టేది మరని నిలబెట్టడానికి పనికొస్తుందే తప్ప మీ తీగలోకి వేరే ఏమీ రాదని. రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలుపెడుతుంటే ఆ కుర్రాడు నవ్వాడు.

"అది తెలుసండీ. అందరికీ తెలిసిందేగా," అన్నాడు.

సంతకం పెట్టి బిళ్ళ ఎప్పుడు వస్తుందని అడిగి వెళ్ళారు. చెప్పడానికి ఎంత సేపు పట్టిందో గడియారం చూశాను. నాలుగు నిమిషాలు.

ఏప్రిల్ 6, సోమవారం

ఫెర్న్‌హోల్ట్ వారపత్రికలో లవాన్ ఇల్లు అమ్మకానికి పడింది. మూడు గదులు, పెద్ద పెరడు, రైలు పట్టాల వైపు వరండా. సిగ్నీ కాగితాన్ని కవరులో పెట్టి పైన అడ్రసు రాశాను. స్టాంపు లేదు.

ఏప్రిల్ 8, బుధవారం

స్టాంపులు కొన్నాను. పన్నుల కాగితాలు పంపాల్సి వచ్చి వాటికి వాడాను.

ఏప్రిల్ 17, శుక్రవారం

పోస్టులో పంపడం మర్యాద కాదు. ఇలాంటిది చేత్తో ఇవ్వాలి. ఎలాగూ మే నెలలో శ్మశానం దగ్గర కలుస్తాం. ఇల్లు అమ్ముడుపోవడానికి ఈ రోజుల్లో ఏడాది పడుతోందని వెండెల్ అన్నాడు. వాళ్ళ బావమరిది ఇల్లు ఇంకా అలాగే ఉందట.

మే 3, ఆదివారం

పాస్టరు ప్రకటించాడు. మట్టి మెత్తబడింది, శనివారం సిగ్నీ హాగెన్‌ని పూడుస్తారు. మాట చివర, పాపం చివరి రోజుల్లో ఆవిడ మనసు చీకటిలో ఉండిపోయింది, ఇప్పుడు వెలుగులో ఉంది అన్నాడు. అందరూ తలలు ఊపారు. నా పక్కావిడ నా చెయ్యి నొక్కింది. వాళ్ళందరి మీదా ఒళ్ళు మండిపోయింది. ఇంటికి వచ్చాక ఎవరి మీద మండాలో తెలిసింది.

ఇక రాసేస్తాను. ఇది ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధమాడడానికి ఏం రోగం నాకు.

ఏడాదిన్నర కిందట, అక్టోబరు ఆఖరి శుక్రవారం, పోటీ ఆఖరి రోజు. తొంభై నాలుగు దగ్గర ఆగాం. ఫెర్న్‌హోల్ట్ వాళ్ళు రెండిళ్ళ దూరంలో ఉన్నారని కర్టిస్ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూసేందుకు ఇంకా అయిదు నిమిషాలుంది. వరసలో ఆరుగురు ఉన్నారు, అందరూ బిల్లుల కోసం వచ్చినవాళ్ళే. సిగ్నీ వచ్చి నేను చేరతాను, ఇంటి మొత్తానికి కావాలి, సగం సగం వద్దు అంది. కర్టిస్ కిటికీ వెనక నుంచి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. సంతకం పెట్టే ముందు ఆవిడ పెన్ను ఆపింది. ఫారం అంతా చదివింది, చిన్న అక్షరాలు కూడా. అవి చదివితే నాకే అర్థం కావు.

"అమ్మాయ్, గాలి లేనప్పుడు మా ఇంట్లో కరెంటు ఎట్లా మరి?" అంది.

నాలుగు నిమిషాలు పట్టే జవాబు అది. అయిదు నిమిషాలే ఉన్నాయి. వరసలో నవ్వు మొహాలు కనబడుతున్నాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారే, అదే.

"గాలి వచ్చేదాకా ఓపిక పట్టాలి సిగ్నీ గారూ," అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. వెండెల్ కూడా అక్కడే ఉన్నాడు. సిగ్నీ చుట్టూ చూసి, అందరూ నవ్వుతున్నారు గనక తనూ కొద్దిగా నవ్వింది. సంతకం పెట్టింది. కర్టిస్ చప్పట్లు కొట్టాడు. ఫారంలో కొనేవాళ్ళకిచ్చే సగం చింపి ఇచ్చాను. ఆ గోలలోనే ఆవిడ కౌంటరుకి గొలుసుతో కట్టిన పెన్సిలు తీసుకుని, దాని వెనక నిదానంగా రాసుకుంది. నేను చూశాను. ఏం రాసుకుంటున్నారని అడగలేదు. నాలుగున్నరకి కిటికీ మూశాను. కేకు కోశారు, పెద్ద ముక్క నాకే ఇచ్చారు.

ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. కాటా చీటీల మీద రాసే రాత, ఒక్కో అక్షరం విడివిడిగా.

'గాలి లేనప్పుడు: గాలి వచ్చేదాకా ఓపిక పట్టాలి. చెప్పినది: ఆర్లిస్, కరెంటాఫీసు.'

ప్రాణం ఉన్నంతసేపూ ఓపిక పట్టింది. మధ్యలో ఒకసారి ఫోను చేసింది, ఒక్క రోజుకి మామూలు కరెంటు వాడుకోవచ్చా అని అడగడానికి. నేను ఆ ప్రశ్న పూర్తి కానివ్వలేదు.

మే 9, శనివారం

గాలి విపరీతంగా ఉంది. పాస్టరు పుస్తకం పేజీలు నిలవలేదు, వెండెల్ వెళ్ళి పట్టుకున్నాడు. శ్మశానం నుంచి కొండ కనిపిస్తుంది. మర తిరుగుతూనే ఉంది. పదిమందికి మించి రాలేదు.

లవాన్ ట్రక్కు కోసం చూశాను. ఒక తెల్ల వ్యాను వచ్చింది, పక్కన ఆశ్రమం పేరు. నడిపే అతను దిగి, తలుపు తీసి, మెట్టు వేసి, ఆవిడని చెయ్యి పట్టుకుని దింపాడు. మొన్న జనవరిలో మంచులో ముప్ఫై మైళ్ళు నడుపుకొచ్చిన మనిషిని. అప్పుడే తెలిసింది నాకు. అయినా ఇచ్చాను. జేబులో పెట్టుకుని వెనక్కి తీసుకుపోవడం ఇక నా వల్ల కాలేదు.

అందరూ కార్ల వైపు నడిచాక ఆవిడ పక్కన నిలబడి చెప్పాను. మర లెక్క, మీటరు లెక్క, ఫోను, కిటికీ దగ్గర నేనన్న మాట. వరసగానే చెప్పాను. తర్వాత కాగితం చేతికిచ్చాను. ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకుని చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.

"మా అక్క రాతే," అంది. బొటనవేలితో ఆ రాత తడిమి, "అంటే అక్కకి మతి పోలేదు," అంది.

లేదన్నాను.

"నీ మాట నమ్మింది."

అవునన్నాను.

ఆవిడ ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. అది నేను చూశాను, నాకు అనిపించింది కాదు. వీపు నిటారైంది. అక్క గొయ్యి వైపు చూసి తల ఊపింది, నువ్వెప్పుడూ అంతేగా అన్నట్టు. అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఇంటికి వచ్చి హాయిగా ఏడ్చేదాన్ని.

ఆవిడ కాగితాన్ని తిరగేసింది. పైన ఉన్న తారీకు చూసింది. అయస్కాంతం గుండ్రటి మరక చూసింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది నీ దగ్గర?"

జనవరి నుంచి అన్నాను.

లవాన్ వ్యాను వైపు చూసింది. ఆ అతను తలుపు తెరిచి పట్టుకుని, మెట్టు సరిచేస్తున్నాడు. ఆవిడ గొంతులో కోపం లేదు. సరుకు దించాక తూకం చెప్పినట్టు చెప్పింది.

"ఇల్లు పోయిన నెల ఇరవై నాలుగున ఇచ్చేశాను," అంది.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. చెయ్యి అందించబోతే వద్దంది. వ్యాను దాకా తనే నడిచింది, మెట్టు తనే ఎక్కింది. లోపల అతను బెల్టు పెట్టి మీదికి వంగి బిగిస్తుంటే మాత్రం చిన్నపిల్లలా చేతులు పైకెత్తింది.

మే 11, సోమవారం

పొద్దున మళ్ళీ చలి. గాలి లేదు, మర ఆగి ఉంది. హీటరు వేసుకున్నాను.